బఠాణీ గింజంత ఎముక

మా కాలేజీ ఎముకల పెట్టెలో ఒక ఎముక తక్కువ. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. వాటిలో అరచేతి వైపు, చిటికెన వేలికి కిందగా ఉండేది అన్నింటికన్నా చిన్నది, బఠాణీ గింజంత. పిసిఫార్మ్ అంటారు. మా ముందు బ్యాచివాళ్ళెవరో పారేసి ఉంటారు, లేకపోతే ఊడ్చేటప్పుడు చెత్తలో పోయి ఉంటుంది. స్టోరు చూసే ఆయన్ని అడిగితే, "ఏడున్నయి గదమ్మ, ఏడే సదువుకో" అన్నాడు. పరీక్షలో ఎనిమిదీ అడుగుతారని ఆయనకి తెలియక కాదు.

నేను చదివింది మార్చురీ కోర్సు. ఆ మాట చెబితే సగంమందికి అర్థం కాదు, అర్థమైన సగంమంది ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఆసుపత్రిలో పోయిన మనిషిని శుభ్రం చేయడం, పాడవకుండా రక్తనాళంలోంచి మందు ఎక్కించడం, పోస్టుమార్టం చేసే డాక్టరుకి అందివ్వడం, చివరికి ఇంటివాళ్ళు చూడగలిగేలా సర్ది అప్పజెప్పడం, ఇదీ మా పని. ముందు ఒంట్లో ఏది ఎక్కడుందో తెలియాలి కాబట్టి అనాటమీతో మొదలుపెడతారు. రాయచూరులో డాక్టరు చదువు పిల్లలు వాళ్ళ పాఠం ముగించుకుని వెళ్ళిపోయాక, అవే బల్లల దగ్గర మేం పదకొండుమందిమి నిలబడేవాళ్ళం. వాళ్ళు కోసి వదిలేసినదాంట్లో మేం వెతుక్కునేవాళ్ళం.

మా ఇల్లు గిల్లేసూగూరు దగ్గర క్యాంపులో. తుంగభద్ర కాలువ నీళ్ళొచ్చిన కొత్తలో గోదావరి వైపు నుంచి వచ్చి వరి వేసుకున్నవాళ్ళ ఊళ్ళని ఇక్కడ క్యాంపులనే అంటారు. మా తాతా నాయనమ్మా అలా వచ్చినవాళ్ళే. నేను శనివారం మధ్యాహ్నం బస్సెక్కి యరగేర మీదుగా ఇంటికి వెళ్ళేదాన్ని, సోమవారం పొద్దున్నే మళ్ళీ హాస్టలుకి వచ్చేసేదాన్ని.

ఆడపిల్లవి, ఇదేం చదువు అని చాలామంది అడిగారు. ఒక్కొక్కళ్ళకి ఒక్కో అబద్ధం చెప్పాను. అసలు సంగతి మా తాత. కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆయన్ని రాయచూరులో ఆసుపత్రిలో చేర్చారు. తొమ్మిదో రోజున పోయాడు. మా నాన్నని గేటు దగ్గరే ఆపేశారు. తాతని సంచిలో పెట్టి జిప్పు లాగి, బండిలో వేసి, అటునుంచటే కాల్చే చోటికి తీసుకుపోయారు. నాన్న దూరంగా నిలబడి చూసి, సాయంత్రానికి ఇంటికి వచ్చాడు. నాయనమ్మ గుమ్మంలోనే ఉంది.

"మొహం చూపించారా?" అంది.

"లేదమ్మా."

"స్నానం పోశారా?"

"లేదు."

"ఎవరన్నా ముట్టుకున్నారా ఆయన్ని?"

నాన్న, "ఇద్దరు మనుషులు ఎత్తారమ్మా. చేతులకి తొడుగులేసుకుని," అన్నాడు.

"అది ముట్టుకోడం కాదు," అంది నాయనమ్మ. పొద్దున్నుంచీ దొడ్లో పొయ్యి మీద పెద్ద కాగులో నీళ్ళు కాగుతూనే ఉన్నాయి. ఇంటికి తీసుకొస్తారనుకుంది. వెళ్ళి మంట ఆర్పేసి, ఆ నీళ్ళు చల్లారేదాకా పక్కనే కూర్చుని, తర్వాత అరటి మొక్కలకి పోసింది.

అప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఇంట్లో అందరూ ఏడ్చి తేరుకున్నాక అయినా వస్తుందేమోనని చూశాను, రాలేదు. ఎక్కడో మొద్దుబారింది, అంతే. ఒక్కటి మాత్రం బుర్రలో ఉండిపోయింది. ఆ గేటు లోపల మన మనిషి ఒక్కళ్ళుంటే తాతకి నీళ్ళు పోసి పంపేవాళ్ళు కదా అని. పీయూసీ అయ్యాక ఈ కోర్సు ఉందని తెలిసి దరఖాస్తు పెట్టాను. మా అమ్మ రెండురోజులు మాట్లాడలేదు. నాయనమ్మ మటుకు, "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని నవ్వింది. నవ్వడం అయ్యాక అమ్మా నాన్నల ముందే చెప్పింది.

"సరేలే, వెళ్ళి నేర్చుకో. నేను పోయినప్పుడు నా దగ్గరికి మటుకు నువ్వే రావాలి. నీళ్ళు నువ్వే పొయ్యాలి. మీ తాతని పంపినట్టు పంపనివ్వకు నన్ను."

"అలాగేలే," అన్నాను. రేపు పెసరట్టు పొయ్యమంటే అన్నట్టే అన్నాను.

మొదటిరోజు శవాలు కోసే హాల్లోకి వెళ్ళగానే ఇద్దరు బయటికి పరిగెత్తారు. ఒకమ్మాయి అక్కడే గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. ఫార్మలిన్ ఘాటుకి కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే మా సారు కన్నడంలో మొట్టమొదట చెప్పిన మాట, "మొదలు గ్లౌస్ హాక్కొళ్రీ," ముందు తొడుగులేసుకోండి అని. మా రెండేళ్ళలో ఆయన ఎక్కువసార్లు చెప్పిన మాట కూడా అదే. తొడుగు లేకుండా బల్ల మీదికి చెయ్యి పోయిందంటే ఆరోజు హాజరు కొట్టేసేవాడు. ప్రాక్టికల్ పరీక్షలో మార్కులు తెగుతాయి. ఒకసారి ఒకబ్బాయి మరిచిపోయి ఒట్టిచేత్తో గుడ్డ సర్దాడని వారంరోజులు హాలు బయట నిలబెట్టాడు. తప్పేం లేదు, ఆ మందు తగిలితే వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కి రెండుమూడు రోజులదాకా స్పర్శ ఉండదు. జబ్బుల భయం సరేసరి.

నాకు వాంతి రాలేదు. బల్లమీద ఒక పెద్దాయన ఉన్నాడు, ఛాతీ తెరిచి ఉంది. నాకేమీ అనిపించలేదు. మధ్యాహ్నం హాస్టల్లో పులిహోర పెట్టారు, రెండుసార్లు వేయించుకున్నాను. నా పక్క గది అమ్మాయి నన్నొక వింతగా చూసింది. నీకు గుండె లేదా అంది. ఉంది, ఎడమవైపుకి కాస్త వంగి, పిడికిలంత ఉంటుంది, పొద్దున చూశాం కదా అన్నాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

ఆ హాల్లో ఒక అటెండరుండేవాడు, రిటైరవడానికి దగ్గర్లో ఉన్న మనిషి. అందరం కాకా అనేవాళ్ళం. బాడీలని తొట్టిలోంచి తీసి బల్లమీద పెట్టడం, మళ్ళీ చేర్చడం ఆయన పని. ఒకరోజు నేను ముందుగా వెళ్ళేసరికి కొత్తగా వచ్చిన ఒక ముసలామె దగ్గర నిలబడి ఉన్నాడు. తొడుగులు జేబులో ఉన్నాయి. ఒట్టి అరచెయ్యి ఆమె నుదుటిమీద పెట్టి, తలకాయ వంచి ఏదో గొణుగుతున్నాడు. తర్వాత చెయ్యి తీసి తొడుగులు వేసుకున్నాడు.

"కాకా, అలా ముట్టుకోకూడదు. సారు చూస్తే ఊరుకోడు," అన్నాను. అప్పటికి నేను చేరి నాలుగు నెలలు. ఆయనకి నేర్పడానికి బయల్దేరాను.

ఆయన కోప్పడలేదు. "సారుకు తెల్వదనుకున్నవా బిడ్డా? ఇర్వై ఏండ్ల సంది గిట్లనే జేస్తున్న. ఈ అమ్మ ఎవరో మనకు తెల్వదు. మనమెవరో ఆమెకు తెల్వదు. ముట్టి జెప్పకుంట ఎట్ల మొదలువెడ్తం? ఒక్కసారి చెయ్యి వెట్టి, జర ఓపిక పట్టమ్మా, పోరగాండ్లు సదువుకుంటరు అని జెప్త. గంతే. తర్వాత నీ గ్లౌజులు నువ్వు ఏస్కో, నా గ్లౌజులు నేను ఏస్కుంట."

"చేతులు పాడవుతాయి కదా."

"పాడైనయి. ఏమాయె?" అని అరచేతులు చూపించాడు. తెల్లగా పొలుసులు లేచి ఉన్నాయి. చాదస్తం అనుకున్నాను. ఆ మాట పైకి అనకపోవడం ఒక్కటే నేను ఆరోజు చేసిన మంచిపని.

ఇంట్లో నా చదువంతా నాయనమ్మ మీదే సాగింది. పుస్తకంలో బొమ్మ చూస్తే అర్థం కాదు, హాల్లో ఉన్నవి మందులో గట్టిపడి ఉంటాయి. నాయనమ్మ సన్నటి మనిషి. ఎండి, నరాలూ ఎముకలూ అన్నీ పైకే కనపడేవి. ఆదివారం మధ్యాహ్నం వసారాలో చాప వేసుకుని ఆమె పడుకుంటే, నేను పక్కన పుస్తకం పెట్టుకుని మెడ దగ్గర నుంచి మొదలుపెట్టేదాన్ని.

"ఇదేంటే?" అనేది.

"కాలర్ బోన్."

"దీనికి బిందెలు మొయ్యడం తెలుసు గానీ ఇంగ్లీషు పేరుందని తెలీదు."

మోచెయ్యి కింద రెండెముకలుంటాయి. అరచెయ్యి బోర్లిస్తే ఒకటి రెండోదాని మీదికి అడ్డంగా వస్తుంది. అది చూపిద్దామని ఆమె చెయ్యి పట్టుకుని తిప్పాను, వెల్లకిలా, బోర్లా, మళ్ళీ వెల్లకిలా. "ఓహో, అందుకా ఊడ్పులప్పుడు ఇక్కడ లాగి చచ్చేది," అంది. ఇక్కడికొచ్చిన కొత్తలో తన చేలోనే కాకుండా పక్క చేలల్లోనూ నాట్లు వేసేదట. ఆ సంగతి ఆ ఎముకల పుణ్యాన తెలిసింది. ఒక్కోసారి నేను తప్పు చెబితే, పుస్తకం చదవడం రాకపోయినా కనిపెట్టేది. పోయినవారం ఇంకేదో అన్నావే అనేది. "చదవేస్తే ఉన్న మతి పోయిందంట. జాగ్రత్తే," అని నా నెత్తిమీద ఒకటి వేసేది.

కాళ్ళు, మోకాళ్ళు, పక్కటెముకలు, దవడ, అన్నీ ఆమె దగ్గరే అప్పజెప్పాను. మణికట్టు మటుకు అలా వాయిదా పడుతూ వచ్చింది. అవి చిన్న ఎముకలు, విసుగు పనని చివరికి పెట్టుకున్నాను.

క్యాంపులో ఒకావిడ నా చేతి కాఫీ తాగడం మానేసింది. "ఇప్పుడే తాగొచ్చానమ్మా" అనేది వచ్చినప్పుడల్లా. ఇంకొకావిడ వాళ్ళ మనవణ్ణి నేను ఎత్తుకోబోతే, పిల్లాడికి జలుబని లోపలికి తీసుకుపోయింది. నాకు ఒళ్ళు మండేది. నాయనమ్మ ఏమీ అనకుండా ఒక పని చేసేది. ఆ ఆడవాళ్ళు వసారాలో కూర్చుని ఉండగా నన్ను పిలిచి, "అన్నం కలిపి పెట్టవే, నాకు చేతులు నొప్పులుగా ఉన్నాయి," అనేది. ఆమెకి చేతులు నొప్పీ లేదు, ఏమీ లేదు. నేను పప్పులో నెయ్యి వేసి కలిపి ముద్దలు చేసి పెడుతుంటే అందరూ చూస్తుండగా తినేది. రెండు ముద్దలు ఎక్కువే తినేది.

రెండో ఏడాది పరీక్షలకి మూడు వారాలుందనగా ఒక బుధవారం పొద్దున పది దాటాక ఫోనొచ్చింది. హాల్లో ఉన్నాను. తొడుగు తీసి ఫోనెత్తాను. నాయనమ్మకి నాలుగు రోజులనుంచీ జ్వరం, దగ్గు ఉన్నాయని తెలుసు. గిల్లేసూగూరు డాక్టరు మందులిచ్చాడు, తగ్గుతుందన్నాడు. నాన్న, "అమ్మ పోయిందమ్మా. ఎనిమిదింటికి. వచ్చెయ్," అన్నాడు. నేను "సరే" అని, సారుకి చెప్పి, ఏప్రను విప్పి సంచిలో కుక్కి బయల్దేరాను. తలుపు దగ్గర కాకా కనపడితే, మా నాయనమ్మ పోయింది, నీళ్ళు నేనే పొయ్యాలి అని చెప్పాను. "పో బిడ్డా, జల్ది పో," అన్నాడు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. యరగేర దాటుతుండగా నేనేం ఆలోచిస్తున్నానో ఇప్పటికీ గుర్తుంది. ఎనిమిదింటికి పోయిందంటే నేను చేరేసరికి దవడ బిగుసుకోవడం మొదలవుతుంది, ఎవరన్నా నోరు మూసి కట్టారో లేదో అనుకున్నాను. కళ్ళమీద తడిగుడ్డ వేశారో లేదో అనుకున్నాను. ఎండాకాలం, సాయంత్రం దాకా ఉంచాలంటే ఫ్యాను గాలికి చర్మం ఎండిపోకుండా చూడాలి అనుకున్నాను. నాయనమ్మ గురించి ఒక్క ఆలోచన కూడా రాలేదు. అన్నీ బాడీ గురించే వచ్చాయి.

ఇంటికెళ్ళేసరికి వసారాలో చాపమీద పడుకోబెట్టి ఉంది. ఎప్పుడూ పడుకునే చోటే. మా పెద్దత్త, అంటే నాన్న అక్క, అప్పటికే వచ్చేసి ఏర్పాట్లన్నీ చేతిలోకి తీసుకుంది. ఆవిడకి నోరు పెద్దది, నాకూ తక్కువేం కాదు. స్నానానికి దొడ్లో బల్ల వేస్తుంటే నేను చెంగు బిగించి వెళ్ళాను.

"నువ్వుండవే. పెళ్ళికాని పిల్లవి. పైగా రోజూ ఎవరెవరివో శవాల మధ్య తిరుగుతావు. కూతుర్ని నేనున్నాను, కోడలుంది. మేం చూసుకుంటాం," అంది పెద్దత్త.

"మీ అమ్మ అడిగింది నన్ను పెద్దత్తా. నిన్ను కాదు."

దొడ్లో అందరూ ఆగిపోయారు. అమ్మ నా భుజం పట్టుకుని వెనక్కి లాగింది. నేను కదల్లేదు. ఆ ఒక్క విషయంలో ఎవరొచ్చినా తగ్గేదాన్ని కాదు. రెండేళ్ళ కింద మాటిచ్చాను, ఆ రెండేళ్ళూ దానికోసమే ఆ వాసనలో నిలబడ్డాను. చివరికి నాన్న గుమ్మంలోకి వచ్చి, "అమ్మ చెప్పిందక్కా. నా ముందే చెప్పింది. దాన్ని పొయ్యనీ," అన్నాడు. పెద్దత్త ముక్కు చీదుకుంటూ పక్కకి జరిగింది. నేను గెలిచాను.

తాతకి కాచినట్టే కాగులో నీళ్ళు కాగుతున్నాయి. బల్లమీద నాయనమ్మని పడుకోబెట్టారు. కుంకుడు రసం, నువ్వుల నూనె, పసుపు, కొత్త చీర, అన్నీ పక్కన పెట్టి ఉన్నాయి. నేను బల్ల దగ్గరికి వెళ్ళి, సంచిలోంచి తొడుగుల డబ్బా తీసి, ఒక జత లాగి వేసుకున్నాను. ఆలోచించి వేసుకోలేదు. బల్ల ముందు నిలబడితే నా చేతులు చేసే మొదటి పని అది.

క్యాంపు ఆడవాళ్ళు కొంచెం దూరంగా నిలబడ్డారు. నా చేతి కాఫీ తాగనావిడ, "దగ్గుతో పోయిందంటగా," అని నెమ్మదిగా అంది. ఆ మాటతో అందరికీ ఆ కరోనా రోజులే గుర్తొచ్చి ఉంటాయి. తర్వాత ఆవిడే, "అమ్మాయ్, మాక్కూడా ఉన్నాయా అవి?" అంది.

"ఉన్నాయి, రండి," అన్నాను.

డబ్బా చేతికిచ్చాను. ఎలా వేసుకోవాలో కూడా చూపించాను, వేళ్ళు ముందు దూర్చి మణికట్టు దాకా లాగాలని. పెద్దత్త వేసుకుంది. మా అమ్మ వేసుకుంది. క్యాంపు ఆడవాళ్ళు నలుగురు వేసుకున్నారు. అప్పటిదాకా జంకుతున్నవాళ్ళంతా దగ్గరికి వచ్చారు. అందరితో కలిపి ఏడుగురం. నాకు లోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది, ఆ సంగతి దాచను.

తర్వాత పనంతా నేను చెప్పినట్టే జరిగింది. దవడ కింద చుట్టిన గుడ్డ విప్పి సరిచేశాను. తల కింద చెయ్యి పెట్టి ఎత్తి కుంకుడు రసంతో జుట్టు రుద్దాను. మెడ, భుజాలు, చేతులు, పక్కలు, కాళ్ళు, వరసలో. పక్కకి ఎలా తిప్పాలో, ఎవరు ఎక్కడ పట్టుకోవాలో చెప్పాను. ఒక్కళ్ళూ తడబడలేదు. గోళ్ళు శుభ్రం చేశాను. తుడిచి, చీర కట్టి, జుట్టు దువ్వి, కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి దారంతో కట్టాను. ఇరవై నిమిషాలు పట్టింది. మా సారు చూసి ఉంటే పూర్తి మార్కులు వేసేవాడు.

పెద్దత్త అప్పుడు గట్టిగా ఏడ్చింది. "నిద్రపోతున్నట్టుంది మా అమ్మ. నీకు దణ్ణం పెట్టాలే," అని తొడుగుల చేతులతోనే నాకు దణ్ణం పెట్టింది. నాకు ఏడుపు రాలేదు. సాయంత్రం లోపల మగవాళ్ళు తీసుకెళ్ళారు. ఇల్లు కడుక్కున్నాం, స్నానాలు చేశాం, పక్కింటివాళ్ళు పంపిన అన్నం తిన్నాం.

మర్నాడు పొద్దున్నే దొడ్డి ఊడవడానికి వెళ్ళాను. బల్ల కడిగి గోడకి ఆనించి ఉంది. కంచె వారగా తొడుగులు పడి ఉన్నాయి. ఎక్కడ విప్పినవాళ్ళు అక్కడే విసిరేసి వెళ్ళారు. కొన్నింట్లో నీళ్ళుండి వేళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఒకదాన్ని కోడి పొడుస్తోంది. ఇలా పారెయ్యకూడదు, ఆసుపత్రి ఎర్రసంచిలో కట్టి తీసుకెళ్ళాలని, వాటిని ఎత్తడానికి లోపలికెళ్ళి ఇంకో జత తొడుక్కుని వచ్చాను. ఒకటీ ఒకటీ ఏరుతూ జతలు కలుపుతున్నాను. ఏడు జతలు. నాది కూడా కలిపి.

అప్పుడు తెలిసింది. ఏడో జత చేతిలో పట్టుకుని ఉన్నాను. అక్కడే బల్ల పక్కన కూర్చున్నాను.

దొడ్లో ఏడుగురం ఉన్నాం. కూతురు, కోడలు, మనవరాలు ఉన్నారు. ఒక్కళ్ళ చెయ్యి కూడా ఆమెకి తగల్లేదు. నేనే డబ్బా తెచ్చాను, నేనే పంచిపెట్టాను, ఎలా వేసుకోవాలో కూడా నేర్పాను. వేరే ఎవరైనా నీళ్ళు పోసి ఉంటే, పెద్దత్తనే పొయ్యనిచ్చి ఉంటే, ఏడుస్తూ తప్పో ఒప్పో ఒట్టిచేతులతో రుద్దేది. నేను పోట్లాడి మరీ ఆపాను. ఒక్కసారి నుదుటిమీద చెయ్యి పెట్టి ఉన్నా సరిపోయేది. ముక్కూమొహం తెలియనివాళ్ళకి కాకా రోజూ చేసేదే అది.

చదవేస్తే ఉన్న మతి పోయిందని ఆమె ఎన్నిసార్లు అందో. సిగ్గేసింది. ఏడుపు ఇప్పుడైనా వస్తుందనుకున్నాను. సిగ్గు తప్ప ఏమీ రాలేదు. తొడుగులన్నీ సంచిలో కట్టి, చేతికున్నవి విప్పి అందులోనే వేసి, ముడి వేశాను. బూడిద కూడా అప్పటికి చల్లారిపోయి ఉంటుంది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వాళ్ళెవరికీ తట్టినట్టు లేదు, నాన్నకి కూడా. పెద్దత్త ఇప్పటికీ ఎక్కడికెళ్ళినా ఆ స్నానం సంగతి చెబుతుంది. మా మేనకోడలు ఎంత పద్ధతిగా చేసిందో, పెద్ద ఆసుపత్రుల్లో కూడా అలా చెయ్యరు అని. క్యాంపు ఆవిడ ఇప్పుడు నా చేతి కాఫీ తాగుతోంది. ఇంకొంచెం పంచదార వెయ్యమంటుంది కూడా.

పదకొండు రోజులయ్యాక కాలేజీకి వచ్చాను. హాల్లో కాకా ఒక్కడే ఉన్నాడు. బల్లలు తుడుస్తున్నాడు.

"అయిపోయిందా బిడ్డా అంతా?"

"అయిపోయింది కాకా."

"నీళ్లు నువ్వే పోసినవా?"

"నేనే."

"మంచిగ జేసినవ్. ముసలమ్మకు మన చెయ్యి తగిలితే సాలు. ఇంకేం గావాలె."

"ఊఁ," అన్నాను. ఆయన మళ్ళీ బల్ల తుడుచుకోవడం మొదలుపెట్టాడు. నేను జేబులోంచి తొడుగులు తీసి వేసుకున్నాను. ఆయనతోనైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

పరీక్షలో బయటి కాలేజీ నుంచి వచ్చిన మేడం నా ముందు ఎముకల పెట్టె పెట్టింది. మణికట్టు ఎముకలు వరసలో చెప్పమంది. ఏడూ తీసి వరసగా పేర్చి, ఎనిమిదోది ఉండాల్సిన చోటు వేలితో చూపించి, పేరు చెప్పి, అది నొక్కితే కొద్దిగా అటూ ఇటూ కదులుతుందని చెప్పాను.

"మీ పెట్టెలో లేదు కదా. కదులుతుందని ఎలా తెలుసు?" అంది.

"ఇంట్లో చూశానండి. మా నాయనమ్మ చేతిలో," అన్నాను. మేడం నవ్వి మార్కులు వేసింది.

అది నాయనమ్మ పోవడానికి పది రోజుల ముందు ఆదివారం. ఆ తర్వాతి శనివారం పరీక్షల చదువుందని ఇంటికి వెళ్ళలేదు. వంటింట్లో పీటమీద కూర్చుని ఉంది, పొయ్యిమీద అన్నం ఉడుకుతోంది. పరీక్షలు దగ్గరికొచ్చాయి, ఇంకా మణికట్టు మిగిలిపోయిందని నేను వెళ్ళి ఆమె కుడిచెయ్యి లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాను. చిటికెన వేలి కిందనుంచి బొటనవేలితో తడుముకుంటూ వచ్చాను. చాలాసేపు దొరకలేదు. మణికట్టు వదులుగా ఉంచు, బిగపట్టకు అన్నాను. వదులు చేసింది. అప్పుడు వేలికింద తగిలింది, చిన్నది, గుండ్రంగా, నొక్కితే పక్కకి జరిగింది. పుస్తకంలో ఉన్నట్టే ఉందని సంబరపడి, అది అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. ఆమె మొహం వైపు చూడలేదు. నా చూపంతా ఆ గింజమీదే ఉంది.

"దొరికిందా?" అంది.

"దొరికింది."

"అయితే వదులు తల్లీ. అన్నం మాడుతోంది."

వదిలేశాను.